కొసరు కలవని మొత్తం

మొదటి వారం, సోమవారం

నా పేరు భ్రమరాంబ. ఎర్రమెట్టలో అందరూ భ్రమరా అని పిలుస్తారు. ఊరి బయట పీల్చడానికి గాలి ఉండదు; నిన్నటిదాకా నా పని అక్కడికెళ్ళేవాళ్ళ ఒంటి తొడుగులకు అతుకులు వేయడం. గాలి కారుతున్న చోటు వేలితో తడిమి పట్టుకుంటాను, కుట్టు వేసి జిగురు పూస్తాను. ఆ మనిషి బయట ఎర్రమట్టిలో తిరిగి ప్రాణాలతో వెనక్కొస్తాడు. ఈవేళ నుంచి ఊరి నీళ్ళ లెక్క నా నెత్తిన పడింది. ఎందుకు పడిందంటే, నిన్న సభ జరుగుతుండగా నేను టీ తెచ్చుకుందామని బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. ఎవరికో అనుకుని నేనూ కొట్టాను.

సంగతేమిటంటే, సూర్యుడి మీద లేచిన ఎండ తుఫానుకి పెద్దబుర్ర కాలిపోయింది. పెద్దబుర్ర అంటే మా ఊరి ఆలోచన యంత్రం. నీళ్ళు, దీపాలు, ఎవరి పుట్టినరోజు ఎప్పుడు, అన్నీ అదే చూసుకునేది. గుమ్మం దగ్గర నిలబడి నోటితో చెబితే సరిపోయేది. దాని విడిభాగాలు భూమి నుంచి ఓడలో రావాలి. ఆ ఓడ ఇంకా బయల్దేరనే లేదు. గాలికి వేరే యంత్రం ఉంది కాబట్టి బతికిపోయాం. నీళ్ళ లెక్కకి మాత్రం సామాన్ల గదిలో ఒక పాత కంప్యూటరు దొరికింది. అందులో గళ్ళు గళ్ళుగా ఉండే స్ప్రెడ్‌షీటు ఉంది. ఒకప్పుడు భూమ్మీద ఆఫీసుల్లో జనం పొద్దున్నించి సాయంత్రం దాకా దీని ముందే కూర్చునేవారట. పాపం అనిపించింది.

ఈ చిట్టా రాయమన్నది సభ పెద్ద కోదండపాణి గారు. "నీ తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందమ్మా, ఏం నేర్చుకున్నావో రాసిపెట్టు" అన్నారు. కాబట్టి నా తర్వాత ఈ కుర్చీలో కూర్చోబోయే మహానుభావులారా, మీరూ సభ మధ్యలో టీకి వెళ్ళే ఉంటారు. రండి, కూర్చోండి.

మొదటి వారం, బుధవారం

తెర అడుగున ఒక సన్నటి పట్టీ ఉంటుంది. స్టేటస్ బార్ అంటారు. రెండు రోజులపాటు దాని మొహం కూడా చూడలేదు. చీరకి అంచు ఉన్నట్టు దీనికీ ఏదో అంచు అనుకున్నాను.

ఈవేళ మౌసు జారి ఆ పట్టీ కుడి మూలనున్న చిన్న గీత మీద పడింది. మొత్తం పట్టిక చీమలంత అయిపోయింది. నూట ఇరవై ఇళ్ళ పేర్లు, ఒక్కటీ కనబడదు. ఊరి నీళ్ళన్నీ నేనే తుడిచేశాననుకున్నాను. మంచు కొలిమిలో పనిచేసే సన్యాసిరావు బావకి ఫోను చేశాను. మా అక్క మొగుడు. ఊరికి కావలసిన నీళ్ళంతా ఆయనే మంచు కరిగించి పంపుతాడు.

"బావా, పట్టిక పోయింది."

"పోలేదు మరదలా, దూరంగా వెళ్ళుంటుంది. నిన్ను చూసి ఎవరికైనా దూరంగా వెళ్ళాలనే ఉంటుంది."

ఫోను పెట్టేశాను. కానీ ఆయన అన్నది నిజమే. ఆ గీతని కుడివైపుకి జరిపితే అంతా దగ్గరికొచ్చింది. అది జూమ్. పట్టికలో ఏమీ పోదు, చిన్నదిగానో పెద్దదిగానో కనబడుతుంది, అంతే. అది తెలిసేలోపు నాకు సగం ప్రాణం పోయింది.

పట్టీ ఎడమ మూలలో ఒక మాట కూడా ఉంటుంది. చేతులు ముడుచుకుని కూర్చుంటే 'రెడీ' అని ఉంటుంది. గడిలో ఏదైనా కొట్టడం మొదలుపెడితే 'ఎంటర్' అవుతుంది. ముందే ఉన్నదాన్ని దిద్దబోతే 'ఎడిట్' అవుతుంది. యంత్రం మొండికేసి ఏ బటనూ పలకకపోతే ముందు ఆ మూల చూడండి. మీరే ఏదో గడి సగంలో వదిలేసి ఉంటారు. నేను గంటసేపు దాన్ని తిట్టాక తెలిసింది.

మొదటి వారం, ఆదివారం

పని ఇలా సాగుతుంది. శుక్రవారం ప్రతి ఇల్లూ వచ్చే వారానికి ఎన్ని క్యాన్ల నీళ్ళు కావాలో చెబుతుంది. శనివారం నేను ఒక్కో వీధి గళ్ళ మీద మౌసు పట్టి పైనుంచి కిందికి లాగుతాను. వెంటనే కింది పట్టీలో 'సమ్' అని మొత్తం పడుతుంది. కూడికలు చేయక్కర్లేదు, సూత్రాలు రాయక్కర్లేదు. ఆ అంకె బావకి చెబితే, ఆయన అంతే మంచు కరిగిస్తాడు, చుక్క ఎక్కువ కాదు. కరెంటుకి అంత కటకటగా ఉంది. ఆదివారం ఏ వీధి నీళ్ళు ఆ వీధి తొట్టికి వస్తాయి.

సమ్ పక్కన యావరేజ్ అనీ, కౌంట్ అనీ కూడా ఏవో పడుతుంటాయి. మనకి వాటితో పని లేదు.

మూడో వీధిలో నలభై ఇళ్ళు. మొత్తం రెండు వందలు వచ్చింది. చక్కగా గుండ్రంగా ఉందని మురిసిపోయాను. సాయంత్రానికి వరహాలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. మూడో వీధి తొట్టి తాళం ఆమె దగ్గరే ఉంటుంది. ఇంటింటికీ క్యాను కొలిచి పోసేది ఆమే. అరవై దాటినా నడుము వంగలేదు, మోకాళ్ళు మాత్రం మాట వినవు.

"ఏటే భ్రమరా, కొసరేదే?"

"ఏ కొసరు పిన్నీ?"

"మా ఈది వోళ్ళు ఐదు కొసరు, ఆరు కొసరు అని సెప్తే, నువ్వు ఉత్తి ఐదు, ఉత్తి ఆరు ఏసినావంట. పెద్దబుర్రయితే కొసరంటే అర క్యాను ఎక్కువ పోసేది. నోరెత్తి అడగక్కర్లేకపోనాది."

మూడో వీధి వాళ్ళందరివీ ఒకప్పుడు సంతల్లో కూరగాయలు అమ్మిన కుటుంబాలు. కొసరు లేకుండా కిలో వంకాయలు కూడా ఇచ్చి ఎరగరు, తీసుకుని ఎరగరు. మొదటి వీధి ఇంజినీర్లు పాయింటు తర్వాత రెండు అంకెలు వేసి మరీ చెబుతారు. రెండో వీధి గనివాళ్ళయితే అంకె చెప్పి తలుపు వేసేస్తారు. మూడో వీధి వాళ్ళు మాత్రం కబురూ కాకరకాయా అయ్యాక ఆరు, కొసరు అంటారు.

నాకు చిరాకేసింది. "అయితే మీరే రాసుకోండి" అన్నాను.

రెండో వారం, శనివారం

అన్నంత పనీ చేశాను. పెద్దబుర్రతో మాట్లాడే గుమ్మం తెరలు ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి. వాటికి తీగ కలిపి, ఎవరి ఇంటి గడిలో వాళ్ళే రాసుకునేలా పెట్టించాను. కోదండపాణి గారు ఒక నియమం పెట్టారు: ఒకరి గడిలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. నాతో సహా. నాకు ఇంకా మంచిదే.

మూడో వీధిలో నూకరత్నానికి ఆడపిల్ల పుట్టింది. వాళ్ళ గడిలో '6 కొసరు' అని ఉంది. ఇంకో రెండు ఇళ్ళవాళ్ళూ అలాగే రాశారు. చూడముచ్చటగా ఉంది.

ఒకటే నచ్చలేదు. అంకెలన్నీ గడిలో కుడివైపుకి జరిగి ఉంటే ఆ మూడూ ఎడమవైపుకి పోయాయి. వంకర కుట్టు చూస్తే నాకు అన్నం సహించదు. ఒక బటను ఉంది, అది నొక్కితే అన్నీ గడి మధ్యకి వస్తాయి. నొక్కాను. పట్టిక కళకళలాడింది.

మూడో వీధి సమ్ నూట ఎనభై ఐదు. పొదుపు చేస్తున్నారు, మంచిదే అనుకున్నాను.

మూడో వారం, గురువారం

మూడో వీధిలో నీళ్ళు చాలలేదట. ఆదివారందాకా రావలసినవి ముందే నిండుకున్నాయి. మీరు అడిగినంతే కదా పంపాం అంటే, అడిగినంత రాలేదంటారు. బావ మీటరు చూసి మరీ చెప్పాడు: నూట ఎనభై ఐదూ తొట్టిలో పడ్డాయి.

వీధి వాళ్ళకి భయం పట్టుకుంది. ఎవరికి వాళ్ళు వచ్చే వారం కొంచెం ఎక్కువ చెప్పుకుందామనుకున్నారు. ఎక్కువ చెప్పడమంటే వాళ్ళకి తెలిసింది ఒకటే దారి.

మూడో వారం, శనివారం

ఏడు ఇళ్ళు కొసరు రాశాయి. సమ్ నూట అరవై ఐదు. నాకేం అర్థం కావడం లేదు. నీళ్ళు చాలడం లేదని గోల పెట్టేవాళ్ళు అంతకంతకీ తక్కువ ఎందుకు అడుగుతారు?

"వాళ్ళు స్నానాలు మానేశారేమో" అన్నాడు బావ.

"నువ్వు మానేసి చాలా రోజులైంది కదా, నీకెంత మిగులుతోంది?" అని అడిగాను.

ఐదో వారం, గురువారం

మొన్న శనివారం మొత్తం నూట నలభై ఐదు. పదకొండు ఇళ్ళు కొసరు రాశాయి. ఈవేళ తొట్టి అడుగు కనబడుతోందని ఫోను వస్తే నేనే మూడో వీధికి వెళ్ళాను.

వరహాలమ్మ ఇంట్లో కిటికీ దగ్గర గోంగూర తట్ట ఉండేది. భూమి నుంచి కొంగున కట్టుకొచ్చిన గింజలు అవి. మొత్తం ఎర్రమెట్టలో గోంగూర పచ్చడి అంటే ఆ తట్టే. ఏడాదికి ఒకసారి ఇంటికో చెంచా పంచేది. ఈవేళ చూస్తే తట్టలో మట్టి బీటలు వారి ఉంది, కాడలు నల్లబడ్డాయి.

"ఇదేమిటి పిన్నీ?"

"దానికీ ఇసరాంతి కావాల కదే" అంది. కొంగుతో తట్ట మీద దుమ్ము తుడిచింది. "ఎండిపోనాదని సచ్చిపోద్దేటి, ఏరుంది."

ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. నాకు మంచినీళ్ళు ఇవ్వబోయింది, వద్దని వచ్చేశాను.

ఐదో వారం, శనివారం

పొద్దున్న సమ్ నూట ముప్ఫై వచ్చింది. మధ్యాహ్నం కోదండపాణి గారు పిలిచారు. మంచి మనిషే, కానీ లెక్క తేలకపోతే ఆయనకి నిద్ర పట్టదు.

"చూడమ్మా భ్రమరా. వీధి అడిగినంత మనం పంపాం. తొట్టిలో పడింది. ఇళ్ళకి మాత్రం అడిగినంత చేరడం లేదంటున్నారు. తొట్టికీ ఇళ్ళకీ మధ్య ఎవరున్నారు?"

ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు.

"రేపు సభ. తాళం తీసుకుని, సోమవారం బండిలో ఆమెని ఉత్తర శిబిరానికి పంపేద్దాం. అక్కడ వంటకి మనిషి కావాలట."

ఉత్తర శిబిరం అంటే ధ్రువం దగ్గర మంచుగని. బండిలో పోవడమే పదిహేను రోజుల దారి. మళ్ళీ ఓడ వస్తే గానీ ఎవరూ తిరిగి రారు. ఆ మోకాళ్ళతో ఆమె అక్కడ ఒక్క చలికాలం గడపలేదు. ఆ మాటే అన్నాను.

"నాకు మాత్రం సరదానా?" అన్నారాయన. "నీళ్ళు తగ్గుతున్నాయి, జనం కొట్టుకునేలా ఉన్నారు. ఒక పని చెయ్యి. మూడో వీధి ఇంటికి సగటున ఎంత అడుగుతోందో తీసి రేపు పట్టుకురా. వీధి అడిగింది అంతేననీ, మనం అంతా పంపామనీ అందరికీ కనబడాలి."

ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. అయినా వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. సగటు ఎక్కడో వెతకక్కర్లేదు, అదే కింది పట్టీలో ఇన్నాళ్ళూ సమ్ పక్కన నిలబడి నా మొహం చూస్తూనే ఉంది. మూడో వీధి గళ్ళని లాగి పట్టాను.

యావరేజ్ ఐదు. కౌంట్ నలభై. సమ్ నూట ముప్ఫై.

కాగితం మీద రాసుకుని లేవబోయాను. లేవలేకపోయాను. తొడుగుకి ఐదు మూరల గుడ్డ చొప్పున నలభై తొడుగులంటే రెండు వందల మూరలు. ఇది కుట్టుపనిలో మొదటి రోజు నేర్చుకునే లెక్క. ఇంటికి ఐదు చొప్పున నలభై ఇళ్ళయితే నూట ముప్ఫై ఎలా అవుతుంది?

యంత్రం తప్పు చేస్తోందనుకుని మళ్ళీ లాగాను. మళ్ళీ అవే మూడు అంకెలు. కోపం వచ్చి ఆ పట్టీ మీదే మౌసు కుడి బటను నొక్కాను. చెప్పొద్దూ, తిట్టే ఉద్దేశంతోనే నొక్కాను. పొడుగాటి జాబితా ఒకటి తెరుచుకుంది. పట్టీలో ఏమేం కనబడాలో మనమే ఎంచుకోవచ్చట. కొన్నిటికి టిక్కు ఉంది, కొన్నిటికి లేదు. లేనివాటిలో 'న్యూమరికల్ కౌంట్' అని ఒకటి ఉంటే టిక్కు పెట్టాను.

పట్టీలో కొత్తగా ఇరవై ఆరు పడింది.

జాగ్రత్తగా వినండి, ఇది మీకోసమే రాస్తున్నాను. కౌంట్ అంటే ఏదో ఒకటి రాసి ఉన్న గళ్ళన్నీ. న్యూమరికల్ కౌంట్ అంటే అచ్చంగా అంకె మాత్రమే ఉన్న గళ్ళు. నలభై ఇళ్ళు రాశాయి. యంత్రం అంకె అని ఒప్పుకున్నది ఇరవై ఆరింటినే. ఇరవై ఆరు ఐదులు నూట ముప్ఫై. మిగతా పద్నాలుగు ఇళ్ళు దాని లెక్కలో నీళ్ళే తాగవు.

ఏవి ఆ పద్నాలుగు? నేను ముచ్చటపడి మధ్యకి జరిపిన బటను గుర్తొచ్చింది. దాన్ని మళ్ళీ నొక్కాను. అంకెలన్నీ కుడివైపుకి పోయాయి. పద్నాలుగు గళ్ళు మాత్రం ఎడమ గోడకి అతుక్కున్నాయి. 6 కొసరు. 5 కొసరు. 4 కొసరు, అమ్మకి జ్వరం. 5 కొసరు, దయుంచి.

వాళ్ళు రాసుకున్న మొదటి శనివారమే ఆ వంకర నాకు కనబడింది. అందం కోసం దాచిపెట్టింది నేనే. నా చేతులు నేనే కొట్టుకోవాలనిపించింది, కానీ రేపటి సభకి వాటితో పనుంది.

ఐదో వారం, ఆదివారం

సభలో పెద్ద తెర పెట్టించమన్నాను. కోదండపాణి గారు సగటు ఒక్కటీ చెప్పమన్నారు, నేను పట్టికంతా చూపిస్తానన్నాను. వరహాలమ్మ మొదటి వరసలో కూర్చుని ఉంది. తాళం చెవి అప్పటికే ఒళ్ళో తీసి పెట్టుకుంది. అడిగిన వెంటనే ఇచ్చేద్దామని కాబోలు.

మూడో వీధి గళ్ళు లాగి, కింది పట్టీ చూడమన్నాను. ఐదు, నలభై, నూట ముప్ఫై. "ఎవరైనా హెచ్చవేసి చెప్పండి" అన్నాను. మొదటి వీధి ఇంజినీర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఇరవై ఆరు చూపించాను, తర్వాత ఎడమ గోడకి అతుక్కున్న పద్నాలుగు గళ్ళు.

"అంకె పక్కన మాట పడితే దీనికి అదంతా మాటే. మాటల్ని ఇది కూడదు. గడి నిండిందని మాత్రం లెక్కపెట్టుకుంటుంది. కొసరు అని రాసిన ఇంటికి అర క్యాను ఎక్కువ రాలేదు, మొత్తానికే సున్నా అయింది. నీళ్ళు తగ్గినకొద్దీ ఇంకో నాలుగు ఇళ్ళు కొసరు రాశాయి. ఆ నాలుగూ పోయాయి. ఎవరూ దొంగిలించలేదు. మేము పంపనే లేదు."

కోదండపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "యంత్రానికి కొసరు అని రాయడమేమిటమ్మా? దానికేం తెలుస్తుంది?"

"పెద్దబుర్రకి తెలిసేది బాబూ" అంది వరహాలమ్మ. "ఇది దాని తమ్ముడేమో అనుకున్నాం."

"సరే. ఇన్ని వారాలు నీళ్ళు తక్కువ వస్తే వీధి ఎలా నెట్టుకొచ్చింది?" అన్నారాయన. ఈసారి గొంతులో అనుమానం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

వరహాలమ్మ తల వంచుకుంది. వెనక వరసలోంచి నూకరత్నం పాపని భుజాన వేసుకుని లేచింది.

"అందరికీ తలా కాస్తా తగ్గించి పోసింది. నాకూ, జ్వరాలున్న ఇళ్ళకీ మాత్రం తగ్గించలేదు. ఎక్కడివి పిన్నీ అంటే, తొట్టిలో ఉన్నాయిలే అనేది. అవి ఆవిడ ఇంటి నీళ్ళని మొన్న గోంగూర తట్ట చూసేదాకా నాకు తెలియలేదు. నేను బిడ్డకి స్నానం కూడా చేయించానండీ వాటితో."

కోదండపాణి గారు దిగి వచ్చి, వరహాలమ్మ ఒళ్ళో ఉన్న తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టారు. "తప్పయిపోయిందమ్మా" అన్నారు. బావ అప్పటికే కొలిమికి పరిగెత్తాడు, ఈ వారం తగ్గిన డెబ్బై క్యాన్లు కరిగించడానికి. నేను ఏడవలేదు అని రాద్దామనుకున్నాను, కానీ చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆరో వారం, శనివారం

కొసరు నిషేధించాలని ఒక ఇంజినీరు అన్నాడు. మూడో వీధి వాళ్ళు అతన్ని చూసిన చూపుకి మళ్ళీ అనలేదు. దానికి నేనే ఉపాయం చెప్పాను. క్యాన్ల పక్కన ఇంకో నిలువు వరస, పేరు కొసరు. అందులో అంకె మాత్రమే రాయాలి: కావాలంటే అర, అక్కర్లేకపోతే సున్నా. మాటలు చెప్పాలనుంటే నాకు ఫోను చేసి చెప్పుకోవచ్చు. మొదటి రోజే పదిహేడు మంది చెప్పుకున్నారు. మొదటి వీధి కూడా తమకీ కొసరు వరస కావాలంది, అందులో మొదటి అర కోదండపాణి గారింటిది.

ఇప్పుడు నేను సమ్ చూసేముందు కౌంట్, న్యూమరికల్ కౌంట్ రెండూ ఒకటేనా అని చూస్తాను. మీరూ అదే చేయండి. మూడో వీధి క్యాన్లు: నలభై, నలభై, మొత్తం రెండు వందలు. హాయిగా ఉంది.

కొసరు వరస లాగాను. అందరూ అరలే రాశారు, సున్నా రాసేంత పెద్దమనుషులు ఆ వీధిలో లేరు. కౌంట్ ముప్ఫై తొమ్మిది. న్యూమరికల్ కౌంట్ కూడా ముప్ఫై తొమ్మిదే. మొత్తం పంతొమ్మిదిన్నర. ఎక్కడో ఒక గడి ఖాళీ. ఎవరిదో చూడకుండానే తెలిసిపోయింది.

ఆ గడిలోకి వెళ్ళి సున్నా, పాయింటు కొట్టాను. ఎడమ మూల 'ఎంటర్' అని పడింది. ఒకరి గడిలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. అందులోనూ మొన్నటిదాకా దొంగ అనిపించుకున్న మనిషి గడి అది. అందులో వేరే చెయ్యి పెట్టిన అంకె ఉంటే మళ్ళీ ఏమంటారో. ఎస్కేప్ నొక్కాను. 'రెడీ' అయింది. నేను మాత్రం కాలేదు. లేచి తిన్నగా మూడో వీధికి వెళ్ళాను.

"కొసరు ఎందుకు రాయలేదు?"

"కొలిసేదాన్ని నేను. నాకు నేనే కొసరు ఏసుకుంటే సూసేవోళ్ళు ఏటనుకుంటారే?"

"ఎవరూ ఏమీ అనుకోరు."

"మొన్న అనుకున్నారు కదా" అంది. ఆమె గొంతులో నిష్ఠూరం కూడా లేదు, అదే నేను భరించలేకపోయాను.

చెయ్యి పట్టుకుని గుమ్మం తెర దగ్గరికి లాక్కొచ్చాను. వీధి గళ్ళు పట్టి, కింది పట్టీ చూపించాను. "ఇక్కడ ఏముంది? ముప్ఫై తొమ్మిది. ఈ వీధిలో ఇళ్ళెన్ని? నలభై. సున్నా రాసి ఉన్నా ఇది నిన్ను లెక్కపెట్టేది. ఖాళీ వదిలేస్తే దీని దృష్టిలో నువ్వు ఈ వీధిలో లేవు. మొత్తంలో లేకపోతే పోనీ, కౌంట్‌లో కూడా లేవు పిన్నీ. నువ్వు ఇక్కడున్నా, ఉత్తర శిబిరానికి పోయినా దీనికి ఒకటే. అందుకేనా నేను సభలో అంత గొంతు చించుకున్నది?"

ఎంత అరిచానో తెలియదు, పక్కింటి తలుపు తెరుచుకుంది. వరహాలమ్మ తెర వంక చూసింది, నా వంక చూసింది.

"నీకు కోపం ఎక్కువే" అంది. నేను వచ్చేశాను.

ఏడో వారం, శనివారం

పొద్దున్నే క్యాన్ల వరస లాగాను. నలభై, నలభై, రెండు వందల రెండు. నూకరత్నం రెండు పెంచింది, బిడ్డ బట్టలకి. తర్వాత కొసరు వరస మీద మౌసు పెట్టి కాసేపు అలాగే ఉన్నాను. టీ తాగాను. టీ కోసం బయటికి వెళ్ళలేదు, ఈమధ్య ఇక్కడే కాచుకుంటున్నాను. అప్పుడు లాగాను.

కౌంట్ నలభై.

న్యూమరికల్ కౌంట్ నలభై.

కిందికి వెళ్ళి ఆమె గడి చూశాను. సున్నా, పాయింటు, ఐదు. ఒక్క మాట లేదు పక్కన. కుడివైపుకి తిన్నగా ఒదిగి ఉంది. ఆ గడిలో నేను చెయ్యి పెట్టలేదని నా ఒట్టు.

బావకి ఫోను చేశాను. "మూడో వీధికి కొసరు ఇరవై" అన్నాను.

"పోయిన వారం పంతొమ్మిదిన్నరే కదా. అర ఎక్కువ చెబుతున్నావేం? మళ్ళీ తప్పు లాగావా?"

"లేదు బావా, ఇదే సరైన లెక్క. ఆ అర గోంగూరకి. కాస్త జాగ్రత్తగా కరిగించు."